ఏ కంపెనీ లాప్‌టాప్ మంచిదండీ?

ఈ ప్రశ్న నన్ను పెళ్ళిభోజనాల బంతిలో అడిగారు. రైల్వే స్టేషన్‌లో టికెట్ల లైనులో అడిగారు. ఒకసారి పళ్ళ డాక్టరుగారు నా నోట్లో చెయ్యి పెట్టి మరీ అడిగారు: "మా అమ్మాయి ఇంజనీరింగులో చేరుతోందండీ, ఏ కంపెనీ కొనమంటారు?" నోరు తెరిచి ఉండబట్టి ఆ ఒక్కసారే నేను తొందరపడి జవాబు చెప్పలేదు.

ఏలూరులో ఇరవై ఏళ్ళకు పైగా లాప్‌టాప్ సర్వీసు షాపు నడిపాను. ఈ మధ్యే చూపు మందగించింది. బోర్డు మీద ఆవగింజంత భాగాన్ని అతికించాలంటే అది రెండుగా కనపడుతోంది. యాభై దాటాక దీంతో కుస్తీ పట్టడం మర్యాద కాదని, నా దగ్గర పనిచేసిన వాళ్ళకే షాపు అప్పగించాను. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు రాద్దామనుకున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మొన్నామధ్య గుండుగొలను నుంచి ఒక కుర్రాడు సలహా కోసం ఇంటికి వచ్చాడు. డిప్లొమా అయింది, సొంతంగా కౌంటరు పెట్టుకుంటాడట. మాటల్లో ఒక కంపెనీ పేరు చెప్పి, "మన వైపు అది ఆగదంట కదండీ. కొల్లేటి గాలికి ఉడికిపోద్దంట" అన్నాడు.

"ఎవరన్నారు?"

"అందరూ అంటారండీ."

ఆ మాట మొదట అన్నది నేను. 'ఉడికిపోద్ది' అన్న ముక్కతో సహా నాదే. అది తప్పు. ఆ తప్పు సరిదిద్దకుండా మిగతా అనుభవాలు ఎన్ని రాసినా అవి ఉత్త గొప్పలే అవుతాయి. ఇక్కడ కంపెనీల పేర్లు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఉల్లిపొట్టు

నేను పని నేర్చుకున్నది తాడేపల్లిగూడెంలో, మా గురువుగారి షాపులో. ఆయన మొదట టీవీలు బాగుచేసేవారు, తర్వాత కంప్యూటర్లలోకి వచ్చారు. మెత్తటి మనిషే గానీ పని దగ్గర మహా చాదస్తం. ఎవరైనా మిషను తెస్తే ముందు కుర్చీ వేసి, టీ చెప్పి, కబుర్లు మొదలుపెట్టేవారు. ఎక్కడ పెట్టి వాడతారు, పక్కన ఏముంటుంది, ఇంట్లో ఎవరెవరు ముట్టుకుంటారు. ఆ టీ చల్లారేదాకా స్క్రూడ్రైవరు ముట్టనిచ్చేవారు కాదు. నాకేమో చేతులు దురద. ఈయన వ్యాపారం కోసం మనుషుల్ని మంచి చేసుకుంటున్నారని అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఉల్లిపాయల మార్కెట్ నుంచి ఒక కమీషన్ వ్యాపారి కంప్యూటరు మోయించుకుని వచ్చాడు.

"ఊరికే ఆగిపోతందండి. వైరస్సేమో చూడండి."

"కొట్లో ఎక్కడ పెట్టారండీ?"

"ఎక్కడేంటండీ, కాటా పక్కనే. అక్కడైతే అందరి మీదా కన్నుంటది."

మూత తీశాం. లోపల ఫ్యాను చుట్టూ ఉల్లిపొట్టు పొరలు పొరలుగా, పరుపు కుట్టినట్టు పట్టి ఉంది. గురువుగారు ఒక పొర చిటికెన వేలితో తీసి వ్యాపారి చేతిలో పెట్టారు.

"వైరస్ దొరికిందండీ. కర్నూలుదో మహారాష్ట్రదో మీరే చెప్పాలి."

ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి నిజంగానే చూశాడు. "కర్నూలుదేనండీ" అన్నాడు. షాపంతా నవ్వులు.

నేనూ నవ్వాను. అందులో నేర్చుకోవలసిందేమిటో అప్పుడు పట్టలేదు. మిషను ఎక్కడ బతుకుతోందో తెలియకుండా దాని జబ్బు చెప్పకూడదు. అదే పాఠం. కళ్ళ ముందు జరిగింది, కడుపుబ్బ నవ్వాను, మర్చిపోయాను.

నేను ఏలూరులో సొంత షాపు పెడతానన్నప్పుడు గురువుగారు తన వేడిగాలి మిషను తెచ్చి నా చేతిలో పెట్టారు. బోర్డు మీది చిప్పులు ఊడదీసి తిరిగి అతికించడానికి అది లేకపోతే మా పనే లేదు. "నాకు కొత్తది వస్తందిలే, ఇది పట్టుకెళ్ళు" అన్నారు. తర్వాత చాలా రోజులకు గూడెం వెళ్తే, ఆయన చేతి సోల్డరింగ్ కడ్డీతోనే తంటాలు పడుతున్నారు. కొత్తదేదీ రాలేదు. రావడం లేదని ఇచ్చిన రోజునే ఆయనకి తెలుసు.

మాటకి బరువు వచ్చాక

ఏలూరులో పని బాగా దొరికింది. నేను వేగంగా చేసేవాణ్ణి. కుర్చీలు, టీలు లేవు. మిషను తీసుకోవడం, చీటీ అంటించడం, "సాయంత్రం రండి" అనడం. బాగుచేసేవాడిగా పేరొచ్చాక, కొనేముందు కూడా నన్నే అడగడం మొదలుపెట్టారు. ఆ అడగడంలో ఒక మత్తు ఉంటుంది. పిల్లలూ, జాగ్రత్త. నువ్వు ఒక కంపెనీ పేరు చెప్తే మారుమాట్లాడకుండా వెళ్ళి అదే కొనుక్కుంటారు. వాళ్ళు కష్టపడి దాచుకున్న సొమ్ము నీ నాలుక మీద ఆధారపడి ఉంటుంది.

కామవరపుకోట నుంచి ఒకావిడ కూతురితో వచ్చింది. జామాయిల్ తోటలో పని మానుకుని బస్సెక్కి వచ్చిందట. "మీరు ఏది చెప్తే అదేనండీ. మాకు తెలవదు" అంది. చెప్పాను. కొన్నారు. ఆ పిల్ల చదువైపోయి ఉద్యోగంలో చేరేదాకా ఆ మిషను పనిచేసింది. తల్లి ఒక సంచినిండా జీడిమామిడి పళ్ళు తెచ్చి కౌంటరు మీద పెట్టింది. "మీ మాట ఫలించిందండీ" అంది.

నా మాట కాదు. ఆ పిల్ల దాన్ని రోజూ మెత్తని గుడ్డతో తుడిచి, దులిపి, బల్ల మీద పెట్టి వాడుకుంది. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం పళ్ళూ తిన్నాను, పేరూ పుచ్చుకున్నాను.

లంక నుంచి వచ్చిన మిషన్లు

కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊరు. ఊరంతా చేపల చెరువులే. అక్కడ వెంకట్రాజుగారని పెద్ద రైతు. దొంగతనాలు ఎక్కువయ్యాయని చెరువుగట్ల మీద కెమెరాలు పెట్టించారు. వాటిని చూసుకోవడానికి, మేత లెక్కలు రాసుకోవడానికి లాప్‌టాప్ కావాలన్నారు. మా గురువుగారు అప్పటికి గూడెంలో ఒక కంపెనీ ఏజెన్సీ తీసుకున్నారు. నేను బాగుచేసేవాణ్ణి, ఆయన అమ్మేవారు. రాజుగారు ఆయన దగ్గరే కొన్నారు.

ఆ ఊళ్ళో ఒకరు మోటారు కొంటే అందరూ అదే మోటారు, ఒకరు ఒక రకం వల తెస్తే అందరూ అదే వల. చెడిపోతే ఒకరి దగ్గర లేని ముక్క ఇంకొకరి దగ్గర దొరుకుతుందని వాళ్ళ లెక్క. తెలివైన లెక్కే. అలాగే లాప్‌టాప్ కూడా. ఊళ్ళో చెరువులున్నవాళ్ళందరూ వరసగా గూడెం వెళ్ళి అదే కంపెనీది, అదే రకం కొన్నారు.

ఏడాది తిరగకుండా ఆ మిషన్లు నా దగ్గరికి రావడం మొదలైంది. ఒకటే జబ్బు. వేడెక్కి ఆగిపోవడం. విప్పితే లోపల వేడిని బయటికి పంపే రాగి రేకుల మధ్య గోధుమరంగు దుమ్ము గట్టిగా పట్టి ఉండేది. తీసి, తుడిచి, పంపేవాణ్ణి. మళ్ళీ వచ్చేవి. కొన్నింటికి బోర్డే మాడిపోయింది. అదే ఊరు, అదే కంపెనీ.

ఒక ఉదయం షాపు నిండా జనం ఉండగా అలాంటిది ఇంకొకటి వచ్చింది. నాకు విసుగొచ్చింది. దాన్ని కౌంటరు మీద పెట్టి, "ఈ కంపెనీ జోలికి వెళ్ళకండి. మన కొల్లేటి గాలికి ఉడికిపోద్ది" అన్నాను.

ఎవరో అడిగారు, "ఎవరమ్మారండీ?"

"ఇంకెవరు, గూడెంలో మా గురువుగారే." పేరు కూడా చెప్పాను. చెప్పి నవ్వాను. 'ఏంచేస్తాం, పెద్దాయన' అన్నట్టు.

ఆ నవ్వే చేసింది చెడంతా. దానికి ఎవరి ఊహ వాళ్ళు జోడించుకున్నారు. కొన్నాళ్ళకి ఆ మాట నా చెవికే తిరిగొచ్చింది: గూడెం సాయిబుగారు పాత సామాను కొత్త పెట్టెల్లో పెట్టి అమ్ముతున్నాడంట, ఆయన శిష్యుడే చెప్పాడంట. నేనలా అనలేదని ఊరుకున్నాను. కాదని కూడా అనలేదు.

"వెళ్ళి చూశావా?"

గురువుగారి నుంచి ఫోను వచ్చింది.

"సత్యం, నా సామాను మీద ఏదో అన్నావంట."

"అబ్బే, కంపెనీనే అన్నానండీ, మిమ్మల్ని కాదు."

"వచ్చే నెల కంపెనీ మనిషి వస్తన్నాడు. సరుకు కదలడం లేదు. ఏజెన్సీ తీసేస్తారు. సరే, అది నా తలనొప్పి. ఒక్కటి చెప్పు. అక్కడికి వెళ్ళి చూశావా?"

"ఎక్కడికండీ?"

"లంకకి."

"లేదండీ."

"నేను చెడ్డది అమ్ముంటే నేనే వెళ్ళి అన్నీ వెనక్కి తెచ్చుకుంటాను. రేపు పాసింజరుకి వస్తాను. బండి తీసుకుని స్టేషన్‌కి రా."

మర్నాడు ఆయన్ని బండి మీద ఎక్కించుకుని కొల్లేటి రోడ్డు పట్టాను. దారిలో ఆయన చెరువుల గురించి, కొంగల గురించి, ఆ ఏటి వానల గురించి మాట్లాడారు గానీ ఈ సంగతి ఎత్తలేదు.

వెంకట్రాజుగారు గట్టు మీదే ఎదురొచ్చారు. "రండి రండి. గురువూ శిష్యుడూ కలిసొచ్చారంటే మా మిషన్లకి మంచి రోజులొచ్చినట్టేనండీ. చేపలకన్నా వీటికే ఎక్కువ వైద్యం చేయించామండీ."

"చేపలు వేడెక్కవు కదండీ" అన్నారు గురువుగారు.

"వేడెక్కితే పులుసేనండి."

లాప్‌టాప్ ఎక్కడుందని అడిగితే మేత గదిలోకి తీసుకెళ్ళారు. కొల్లేటి చెరువుల్లో చేపలకి ప్రధానమైన మేత తవుడు. గది నిండా తవుడు బస్తాలు పేర్చి ఉన్నాయి. కుర్చీలో కూర్చుంటే చేతికి అందే ఎత్తులో ఒక వరస. ఆ బస్తా మీద, మెత్తగా ఒత్తుకుపోయి, లాప్‌టాప్ ఉంది. దాని అడుగున గాలి పీల్చుకునే కన్నాలు గోనెలోకి దిగిపోయి ఉన్నాయి. కెమెరాలు చూపించాలి కాబట్టి రోజంతా ఆగకుండా నడుస్తోంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా తవుడు పీలుస్తోంది. కొల్లేటి చెమ్మకి ఆ తవుడు లోపల ముద్దకట్టి ఆరుతోంది.

నేను ఇన్నాళ్ళూ బ్రష్షుతో దులిపి పారేసిన గోధుమరంగు దుమ్ము అది. ఒక్కసారి కూడా అదేమిటని అనుకోలేదు.

రాజుగారి కోడలు పద్మగారు ఆ లెక్కలన్నీ చూసేది. ఆవిడ కంగారుపడింది. "బల్ల మీద పెడితే జారి కింద పడద్దేమోనని, మెత్తగా ఉంటదని బస్తా మీద పెట్టామండీ. మమ్మల్ని చూసి అందరూ అలాగే పెట్టుకున్నారు."

"జాగ్రత్త కోసమే కదమ్మా చేశారు, తప్పేం లేదు" అన్నారు గురువుగారు. తర్వాత అడిగారు, "ఇంట్లో ఇంకోటి ఉండాలే? రెండు పట్టుకెళ్ళినట్టు గుర్తు."

"ఆయ్, ఉందండీ. ఒకేసారి కొన్నాం కదండీ, అదే కంపెనీ. మా చిన్నోడు దాంతో చదువుకుంటాడు. దానికేం, బంగారంలా ఉంది" అంది పద్మగారు.

నేను ఆ గుమ్మం దగ్గర నిలబడిపోయాను. బాగా నడుస్తున్న మిషను బాగుచేసేవాడి దగ్గరికి రాదు. నేను చూసిందంతా జబ్బుపడ్డవే. ఆ ఊళ్ళో ఇంకో కంపెనీది లేదు కాబట్టి జబ్బుపడ్డవన్నీ ఆ కంపెనీవే. ఈ చిన్న సంగతి పట్టుకోవడానికి చదువు అక్కర్లేదు. ఒక ప్రశ్న అడిగితే చాలు. నేను అడగలేదు.

రాజుగారు నా వైపు తిరిగారు. "మరి కంపెనీయే పనికిరాదన్నారు కదండీ తమరు?"

అది మాట సరిదిద్దుకోవలసిన చోటు. గురువుగారు పక్కనే ఉన్నారు. రైతు అడిగారు. "నేను పొరపాటు చెప్పానండీ" అంటే అయిపోయేది.

"వాడకంలో తేడా వచ్చిందండీ" అన్నాను.

పద్మగారి ముఖం చిన్నబోయింది. గురువుగారు వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి, చేపలు సర్దే ప్లాస్టిక్ ట్రే ఒకటి తెప్పించి, బోర్లా వేసి, దాని మీద లాప్‌టాప్ పెట్టి చూపించారు. ట్రేకి అన్ని వైపులా కన్నాలు కదా, గాలి ఆడుతుంది. "దీన్ని ఈ గదిలో వద్దమ్మా, వసారాలో పెట్టుకోండి" అన్నారు. ఆ ఊరివాళ్ళందరూ తర్వాత అలాగే పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆ ఊరి నుంచి వేడెక్కిన మిషను నా షాపుకి రాలేదు.

తిరిగొస్తుంటే బండి మీద వెనక నుంచి అన్నారు: "వాడకంలో తేడా అన్నావు. నీ మాటలో తేడా అనుంటే బాగుండేది."

బోర్డు దించారు

అసలు సంగతి దానంతటదే పాకుతుందని అనుకున్నాను. పాకలేదు. చెడ్డమాట చెప్పినప్పుడు జనం ఉన్నారు, నవ్వూ ఉంది. మంచిమాటకి రెండూ లేవు. షాపుకొచ్చిన ప్రతి మనిషికీ "నేను ఆ కంపెనీ గురించి తప్పు చెప్పాను, మా గురువుగారు నిఖార్సయిన సరుకే అమ్మారు" అని చెప్పి ఉండొచ్చు. 'ఇదే తప్పైతే మిగతావి ఏం కరెక్టు?' అంటారేమోనని భయపడ్డాను. కంపెనీ మనిషి వచ్చాడు, సరుకు చూశాడు, ఏజెన్సీ తీసేశాడు. షాపు పైనున్న పెద్ద బోర్డు దించారు. సగం షాపు సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాళ్ళకి ఇచ్చి, మిగతా సగంలో గురువుగారు మళ్ళీ బాగుచేసే పనికే కూర్చున్నారు.

ఇంత జరిగాక కూడా తనకి లొంగని బోర్డులు నాకే పంపేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను: "గూడెంలోనే చేసేవాళ్ళున్నారు కదండీ. నాకెందుకు పంపుతున్నారు?"

"నీ నోరు చూసి పంపడం లేదు. చెయ్యి చూసి పంపుతున్నాను."

ఆ పనులతో నా షాపు చాలాకాలం నిలబడింది. లంక నుంచి వచ్చాక నేనూ ఆయనలా వచ్చినవాళ్ళకి కుర్చీ కొన్నాను, టీ చెప్పడం మొదలుపెట్టాను. ఆ తర్వాత నేను ఎవరికైనా సరైన సలహా చెప్పి ఉంటే అది ఆయన చలవే. పద్మగారిది కూడా. నేను నింద ఆవిడ మీదికి నెట్టినా, కొత్త మిషను కొనే ప్రతిసారీ నాకు ఫోన్ చేసి, "దీన్ని ఎక్కడ పెట్టుకోమంటారండీ?" అని అడుగుతుంది. ఏది కొనాలన్న దానికన్నా అది మంచి ప్రశ్న.

కొనేవాళ్ళకీ, చెప్పేవాళ్ళకీ

ఏ కంపెనీ మంచిదంటే నా దగ్గర పేరు లేదు. ఒకే కంపెనీ మంచి రకమూ చేస్తుంది, నాసిరకమూ చేస్తుంది. పెట్టె మీది పేరు కాదు, లోపలి రకం చూడండి. మూత తెరిచి మూసి చూడండి, బందులు వదులుగా ఉంటే వదిలెయ్యండి. కీబోర్డు మధ్యలో వేలితో నొక్కండి, అట్టలా కుంగితే వద్దు. మెమరీ తర్వాత పెంచుకోవడానికి వీలుందో లేదో అడగండి. చార్జరు మీ ఊళ్ళో దొరుకుతుందా, చెడితే సర్వీసు సెంటరు ఎంత దూరం, విజయవాడ పరిగెత్తాలా? వీటికి జవాబు బాగుంటే ఆ కంపెనీ మీకు మంచిదే.

చెప్పేవాళ్ళు మాత్రం, మీ బల్ల మీదికి వచ్చినవాటిని చూసి లోకాన్ని తూచకండి. రానివాటి గురించి కూడా అడిగి తెలుసుకోండి. ఒక కంపెనీని చెడ్డదనే ముందు దాన్ని అమ్మేవాడి ముఖం ఒకసారి గుర్తుతెచ్చుకోండి.

ఇదంతా రాశాక గూడెం వెళ్ళి గురువుగారికి చదివి వినిపించాను. ఇప్పుడు ఆయన షాపుకి వెళ్ళడం లేదు. అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. ఉల్లిపొట్టు దగ్గర నవ్వారు. లంక దగ్గర నవ్వలేదు.

"ఒకటి దిద్దాలా అండీ? ఆ కంపెనీ మంచిదేనని ఒక వాక్యం కలుపుతాను."

"వద్దు. మంచిదో కాదో నాకూ తెలీదు, నీకూ తెలీదు. నేనమ్మిన ఆ రకం మంచిది, అంతవరకే. మళ్ళీ కంపెనీకి సర్టిఫికెట్టు ఇవ్వకు."

"మరి మీ పేరు? గురువుగారనే రాశాను. మీకు ఇబ్బందేమోనని."

ఆయన కళ్ళు తెరిచారు.

"చెడు చెప్పిన రోజు పేరు పెట్టే చెప్పావు కదరా. ఇప్పుడెందుకు దాస్తావు? రాయి."

ఆయన పేరు షేక్ మస్తాన్‌వలీ. తాడేపల్లిగూడెంలో కంప్యూటర్లు అమ్మారు. ఏనాడూ పాత సామాను కొత్త పెట్టెలో పెట్టి అమ్మలేదు.